ఒక కన్నుతో లోతు తెలుస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుని. మెల్లకన్ను పిల్లాడిని తీసుకొచ్చిన తల్లి, దెబ్బ తగిలి ఒక కన్ను పోయిన కుర్రాడు, ఒక కంటికే శుక్లం తీయించుకున్న పెద్దాయన, ముగ్గురూ అటు తిప్పి ఇటు తిప్పి అడిగేది ఒకటే: రెండు కళ్లుంటే ఏం ఒరుగుతుంది, ఒకటే ఉంటే ఏం పోతుంది? చెప్పిందే చెప్పడంలో ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ముందు అసలు సంగతి

ఒక కన్ను మూసుకున్నా అన్నీ మామూలుగానే కనబడుతున్నాయి. మరి రెండో కన్ను దేనికి?

మీరు ఆ పరీక్ష చేసింది బహుశా గదిలో కూర్చుని. గోడ ఎక్కడుందో, కుర్చీ ఎక్కడుందో మీకు ముందే తెలుసు. ఇప్పుడు ఒక కన్ను మూసుకుని సూదిలోకి దారం ఎక్కించండి. దారం కొస బెజ్జానికి ముందుందో వెనకుందో తేలదు. కాలేజీలో మా మాస్టారు మా అందరికీ ఒక రోజంతా కుడికంటికి ప్యాచ్ వేయించారు. నడవడానికి, బస్సెక్కడానికి పెద్ద ఇబ్బంది అనిపించలేదు. క్యాంటీన్‌లో మాత్రం ఫ్లాస్కులోంచి టీ వంచితే ధార కప్పుకి రెండంగుళాల ఇవతల, నా నోట్సు మీద పడింది. చేతికందే దూరంలో చేసే సన్నటి పనుల్లోనే రెండో కన్ను విలువ బయటపడుతుంది.

రెండు కళ్లతో లోతు ఎలా తెలుస్తుంది?

పెద్దవాళ్లలో రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అంత ఎడం ఉంది కాబట్టి ఒకే వస్తువుని రెండు కళ్లూ కాస్త వేర్వేరు కోణాల్లోంచి చూస్తాయి. దగ్గరి వస్తువుకి ఆ తేడా ఎక్కువ, దూరపుదానికి తక్కువ. మెదడు రెండు బొమ్మల్నీ కలిపి, ఆ తేడానే లోతుగా మనకి అందిస్తుంది. దీన్నే స్టీరియో చూపు అంటాం.

ఈ సంగతిని గట్టిగా రుజువు చేసింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్, 1838లో. అప్పటికి ఫోటోగ్రఫీ ఇంకా లోకానికి పరిచయం కాలేదు. ఒక వస్తువు ఎడమకంటికి ఎలా కనబడుతుందో ఒక గీతల బొమ్మ, కుడికంటికి ఎలా కనబడుతుందో ఇంకో బొమ్మ గీసి, రెండద్దాల సాయంతో ఒక్కో బొమ్మని ఒక్కో కంటికి చూపించాడు. కాగితం మీది గీతలు గాల్లో నిలబడిన వస్తువులా కనిపించాయి.

దీనికి తోడు ఇంకోటి ఉంది. దగ్గరి వస్తువుని చూసేటప్పుడు రెండు కళ్లూ ముక్కువైపు తిరుగుతాయి. ఎంత తిరిగాయన్నది కూడా దూరానికి ఒక కొలత.

మరి ఒక్క కన్నే ఉన్నవాళ్లకి దూరం ఎలా తెలుస్తుంది?

చాలా దారులున్నాయి. నిజానికి రెండు కళ్లున్నవాళ్లు కూడా రోజంతా వీటి మీదే ఎక్కువగా ఆధారపడతారు, తెలియకుండానే.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు గమనించండి. పట్టాల పక్క కరెంటు స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి, పొలంలో తాడిచెట్లు నెమ్మదిగా కదులుతాయి, ఆ వెనక కొండ మనతోపాటే వస్తున్నట్టుంటుంది. ఏది ఎంత వేగంగా జరిగిందన్నదాన్నిబట్టి ఏది దగ్గరో, ఏది దూరమో మెదడు లెక్కగట్టేస్తుంది. ఇందుకు ఒక్క కన్ను చాలు. రైలు కూడా అక్కర్లేదు, తల కాస్త అటూ ఇటూ కదిపినా చాలు. ఒంటికంటి చూపుకి ఇంతకంటే గట్టి ఆధారం లేదంటాను నేను.

ఇంకా ఉన్నాయి. ముందున్న వస్తువు వెనకదాన్ని కప్పేస్తుంది. మనిషి ఎత్తు ఎంతుంటుందో మనకి తెలుసు కాబట్టి చీమంత కనబడితే దూరంగా ఉన్నాడని అర్థమవుతుంది. తిన్నగా పోయే రోడ్డు అంచులు దూరాన కలిసిపోతున్నట్టుంటాయి. కాళ్ల దగ్గర విడివిడిగా కనబడే కంకరరాళ్లు పోనుపోను ఒకటే ముద్దవుతాయి. అలిపిరి దాటకముందే శేషాచలం కొండలు కనబడతాయి కదా, వాటిలో వెనక వరస నీలంగా, మసకగా ఉంటుంది. మధ్యలో ఉన్న గాలి, దుమ్ము చేసే పని అది. నీడలు కూడా ఏది ఉబ్బెత్తో ఏది గుంటో చెబుతాయి.

రెండు కళ్ల లోతు ఎంత దూరం వరకు పనికొస్తుంది?

దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా పడిపోతుంది. మంచి స్టీరియో చూపుని మేము 40 ఆర్క్ సెకన్లు అని కొలుస్తాం (ఒక డిగ్రీ కోణంలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). ఆ లెక్కన అర మీటరు దూరంలో రెండు వస్తువుల మధ్య ముక్కాలు మిల్లీమీటరు ఎచ్చుతగ్గున్నా పట్టేయొచ్చు. 5 మీటర్ల దగ్గర ఆ తేడా 7, 8 సెంటీమీటర్లుంటేనే తెలుస్తుంది. 50 మీటర్లకి వెళ్తే 7, 8 మీటర్లుండాలి. దూరం పదింతలైతే ఖచ్చితత్వం నూరింతలు తగ్గుతుందన్నమాట. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో చెప్పడంలో రెండో కన్ను చేసే సాయం తక్కువే. బియ్యంలో రాయి ఏరడంలో మాత్రం చాలా ఉంది.

ఇది కంటి పనా, మెదడు పనా?

కళ్లు బొమ్మలు పంపుతాయి, లోతు పుట్టేది మెదడులో. 1960 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బేలా యూలెస్ ఒక తమాషా చేశాడు. నలుపు తెలుపు చుక్కలు చల్లినట్టుండే రెండు బొమ్మలు తీసుకున్నాడు. ఏ ఒక్కదాన్ని చూసినా అందులో ఆకారమే లేదు. రెండూ చెరో కంటితో చూస్తే మాత్రం మధ్యలో ఒక చదరం పైకి లేచి నిలబడుతుంది. ఏ కంటిలోనూ లేని చదరాన్ని మెదడే తయారుచేసింది. రెండు కళ్ల బొమ్మల మధ్య తేడాకి స్పందించే కణాలు పిల్లుల మెదడులో ఉన్నాయని 1967లో తేలింది.

కాకికి ఒంటికన్నే అంటారు, నిజమా?

కథలో కాకాసురుడు రాముడి అస్త్రానికి ఒక కన్ను వదులుకున్నాడు. కాకికి ఒకే కనుగుడ్డు రెండు కంటిగూళ్ల మధ్య తిరుగుతుందంటూ కాకాక్షిగోళక న్యాయం అని సంస్కృతంలో ఓ మాట కూడా పుట్టింది. అసలు కాకికి రెండు కళ్లూ శుభ్రంగా పనిచేస్తాయి. కళ్లు తలకి పక్కల ఉండటం వల్ల, దేన్నైనా పరీక్షగా చూడాలంటే తల ఓరగా తిప్పుతుంది. అది చూసి పుట్టిన కథ అయ్యుండొచ్చు.

ఒంటికంటితో లోతు కొలిచే అసలు ఘనుడు ఊసరవెల్లి. నాలుక విసిరే ముందు పురుగు మీద కన్నుని ఫోకస్ చేస్తుంది, ఎంత ఫోకస్ చేయాల్సొచ్చిందన్నదే దానికి దూరం కొలత.

## ఇంట్లో చేసి చూడాలనుకుంటే

నాకు స్టీరియో చూపు ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

సుమారుగా తెలుస్తుంది. రెండడుగుల దారానికి మధ్యలో ఒక పూస ఎక్కించి, ఒక కొస తలుపు గడియకి కట్టండి, రెండో కొస మీ ముక్కు కొనకి ఆనించి బిగుతుగా పట్టుకోండి. పూసని చూడండి. రెండు కళ్లూ కలిసి పనిచేస్తుంటే దారాలు రెండు కనబడి పూస దగ్గర ఇంటూ గుర్తులా కలుసుకుంటాయి. ఒకే దారం కనబడితే మెదడు ఒక కన్నుని పక్కనపెట్టేస్తోందన్నమాట. అలా అయితే కంటి డాక్టరుకి చూపించుకోండి. రెండు దారాలు కనబడినంత మాత్రాన స్టీరియో నిండుగా ఉందని కాదు, దాన్ని కొలవాలంటే క్లినిక్‌కి రావాల్సిందే.

బొటనవేలు చూస్తూ కళ్లు మార్చి మూస్తుంటే వేలు అటూ ఇటూ దూకుతుంది. ఎందుకు?

రెండు కళ్లూ చూసే కోణాల్లోని తేడా మీకు విడివిడిగా కనబడుతోంది, అంతే. దీంతో దూరం కూడా కొలవొచ్చు. చాచిన చెయ్యి పొడవు మన కళ్ల మధ్య ఎడానికి సుమారు పదింతలుంటుంది. కాబట్టి వేలు దూరంగా ఉన్న దృశ్యం మీద ఎంత మేర దూకిందో అంచనా వేసి, దాన్ని పదితో గుణిస్తే చాలు. ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు ముందుభాగం నుంచి వెనకభాగానికి వేలు దూకిందనుకోండి, బస్సు పొడవు 11 మీటర్లు అనుకుంటే అది దాదాపు 110 మీటర్ల దూరంలో ఉన్నట్టు. మా ఇంట్లో పిల్లలు ఇది నేర్చుకున్నాక రోడ్డు మీద నడవడం మానేసి కొలతలు మొదలుపెట్టారు.

ఒక కంటికి నల్లద్దం పెట్టుకుంటే ఊగేది గుండ్రంగా తిరుగుతుందట, నిజమేనా?

నిజం. తాళంచెవిని దారానికి కట్టి, ఎవరినైనా మీ ముందు పక్కలకి ఊపమనండి. చలువ కళ్లద్దాల్లో ఒక అద్దాన్ని కుడికంటికి మాత్రం అడ్డం పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి చూడండి. తాళంచెవి ఎడమ నుంచి కుడికి వెళ్లేటప్పుడు మీ వైపుకి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు వెనక్కి జరిగినట్టుంటుంది. మసకగా చూసే కంటి సమాచారం మెదడుకి లిప్తకాలం ఆలస్యంగా అందుతుంది. ఆ ఆలస్యాన్నే మెదడు లోతని పొరబడుతుంది.

దీన్ని వివరించినవాడు జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ పుల్ఫ్రిక్, 1922లో. విచిత్రం ఏమిటంటే అప్పటికే ఆయనకి ఒక కన్ను కనబడదు. తన పేరు పెట్టిన వింతని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒక కంటికే శుక్లం ఉన్నవాళ్లకి ఏ అద్దమూ లేకుండానే ఇలా కనబడవచ్చు.

గోలీలాటలో, తుపాకీ గురిలో ఒక కన్ను ఎందుకు మూస్తారు? రెండు కళ్లు మేలు కదా?

గురి అంటే దూరం లెక్క కాదు, దిశ లెక్క. వేలు, గోలీ, అవతలి గోలీ ఒకే గీత మీదికి రావాలి. రెండు కళ్లూ తెరిస్తే దగ్గరున్న వేలు రెండుగా కనబడి ఏ గీతో తేలదు. వడ్రంగి కూడా చెక్క వంకర చూసేటప్పుడు ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తాడు.

## పిల్లల విషయంలో

మెల్లకన్ను అదృష్టం అంటారు మా అత్తగారు. చూపించాలా?

వెంటనే చూపించండి. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో అప్పుడప్పుడు కళ్లు అటూ ఇటూ పోవడం మామూలే. ఆ తర్వాత కూడా మెల్ల ఉంటే ఆగకూడదు. మెల్లకన్ను నుంచి వచ్చే బొమ్మ రెండో కంటి బొమ్మతో కలవదు కాబట్టి మెదడు దాన్ని తోసిపుచ్చడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు ముదిరితే కన్ను చూపే తగ్గిపోతుంది, స్టీరియో చూపు అసలు ఏర్పడదు. కొందరికి కళ్లద్దాలతోనే మెల్ల సర్దుకుంటుంది, కొందరికి ఆపరేషన్ కావాలి. అరుదుగానైనా కంటి లోపలి క్యాన్సర్ గడ్డకి మెల్ల మొదటి గుర్తు కావచ్చు. ఫోటోలో ఒక కనుపాప తెల్లగా మెరుస్తుంటే మర్నాటికి కూడా ఆగొద్దు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. "అదృష్టం ఎక్కడికీ పోదండీ, చూపు పోతే రాదు" అని మా దగ్గరికి వచ్చిన ఒకావిడ వాళ్లత్తగారితో అన్న మాట నాకు బాగా నచ్చింది.

మా పాపకి కళ్లు తిన్నగానే ఉన్నాయి. లేజీ ఐ అన్నారు. అదెలా?

ఒక కంటికి పవర్ ఎక్కువ, రెండోదానికి తక్కువ ఉంటే బయటికి ఏమీ తెలియదు. మంచి కంటితో పాప చక్కగా చదువుతుంది, ఆడుతుంది. మసక బొమ్మ పంపే కన్నుని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి లేజీ ఐ ఉంటుంది. ఒక్కో కన్నూ విడివిడిగా మూసి పరీక్షిస్తేనే దొరుకుతుంది, అందుకే బడిలో వేయక ముందే ఒకసారి కంటి పరీక్ష చేయించడం మంచిది.

చిన్నతనంలో ఒక కన్ను మూసి ఉంచితే ఆ కంటికి మెదడులో చోటు తగ్గిపోతుందని డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజెల్ పిల్లికూనల మీద చూపించారు. 1981లో నోబెల్ అందుకున్నారు. పెద్దపిల్లికి అదే పని చేస్తే ఆ నష్టం కలగలేదు. వయసు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

లేజీ ఐకి కన్ను కప్పే ప్యాచ్ ఇచ్చారు. రోజుకి ఎన్ని గంటలు వేయాలి? వాడు పీకి పారేస్తున్నాడు.

గంటలు మీ డాక్టరు చెప్పాలి, కంటి స్థితిని బట్టి మారతాయి. అమెరికాలో 2003లో వెలువడిన ఒక పరీక్షలో, లేజీ ఐ మధ్యస్థంగా ఉన్న 7 ఏళ్లలోపు పిల్లలకి రోజుకి 2 గంటలు వేసినా 6 గంటలు వేసినా నాలుగు నెలలకి ఫలితం దాదాపు ఒకటే వచ్చింది. కాబట్టి రోజంతా యుద్ధం చేయాల్సిన పని అందరికీ ఉండకపోవచ్చు.

రెండు జాగ్రత్తలు. ప్యాచ్ వేయాల్సింది బాగున్న కంటికి. "పాడైన కంటికి రెస్ట్" అనుకుని బలహీనమైనదానికి వేసేవాళ్లు ప్రతి నెలా ఒకరైనా వస్తారు. ఇక ప్యాచ్ ఉన్నంతసేపు దగ్గరి పని ఏదైనా ఇవ్వండి: రంగులు వేయడం, పూసలు గుచ్చడం, చింతగింజలు లెక్కపెట్టడం.

క్లినిక్‌లో ఈగ బొమ్మ చూపించి పట్టుకోమన్నారు. అదేం పరీక్ష?

ఒక్కో కంటికి ఒక్కో బొమ్మే చేరనిచ్చే పోలరాయిడ్ అద్దాలు పెట్టి చూపిస్తే, స్టీరియో చూపు ఉన్నవాళ్లకి ఆ పెద్ద ఈగ పేజీ మీంచి లేచి కనబడుతుంది. రెక్క పట్టుకోమంటే పిల్లలు పేజీకి రెండంగుళాల పైన గాల్లో వేళ్లు కలుపుతారు. కొందరు భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంటారు, ఒక బుడ్డోడు చెప్పు తీశాడు. స్టీరియో లేని పిల్లలు నేరుగా కాగితం మీద వేలు పెట్టి గీరతారు. ఆ వేలు ఎక్కడ ఆగిందో చూస్తే నాకు సగం విషయం తెలిసిపోతుంది. పక్కనే ఉండే చిన్న వృత్తాలతో 40 ఆర్క్ సెకన్ల వరకు కొలుస్తాం.

పసిబిడ్డకి లోతు ఎప్పుడు తెలుస్తుంది? మంచం మీంచి పడతాడని టెన్షన్‌గా ఉంది.

స్టీరియో చూపు మూడు నుంచి ఐదు నెలల మధ్య వస్తుంది. 1960లో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే పరిశోధకులు ఒక బల్ల అంచు తర్వాత గాజు పరిచి, కింద గుంట కనబడేలా పెట్టారు. 6 నుంచి 14 నెలల పిల్లల్లో ఎక్కువమంది అమ్మ పిలిచినా గాజు మీదికి పాకలేదు. అలాగని మీవాడిని మంచం మీద వదిలేయకండి. లోతు కనబడటం వేరు, దొర్లేటప్పుడు ఆగడం వేరు.

నాకు నలభై దాటింది. చిన్నప్పటి నుంచి మెల్ల. ఇప్పుడు స్టీరియో చూపు వస్తుందా?

చాలామందికి పూర్తిగా రాదు. కానీ ఎప్పటికీ రాదని ఒకప్పుడు అన్నంత గట్టిగా ఇప్పుడు ఎవరూ అనట్లేదు. అమెరికన్ న్యూరోబయాలజిస్టు సూసన్ బ్యారీకి పసితనం నుంచి మెల్ల, చిన్నప్పుడే ఆపరేషన్లయ్యాయి. 48 ఏళ్ల వయసులో కంటి వ్యాయామాల తర్వాత ఒకరోజు కారులో కూర్చుంటే స్టీరింగు డ్యాష్‌బోర్డుని వదిలి ముందుకొచ్చి నిలబడిందట. ఆమె అనుభవాన్ని చూపించి ఎవరైనా గ్యారంటీ ఇస్తామంటే మాత్రం నమ్మకండి. కళ్లు తిన్నగా కనబడటానికి పెద్దయ్యాక కూడా ఆపరేషన్ చేయించుకోవచ్చు, అది సిగ్గుపడాల్సిన కోరిక కాదు.

## ఒక కన్ను చూపు పోయినవాళ్లకి

కొత్తలో ఏం ఇబ్బందులుంటాయి? ఎన్నాళ్లకి అలవాటవుతుంది?

గ్లాసు అందుకోబోతే చెయ్యి గాల్లో పడుతుంది. షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే తప్పుతుంది. దిగేటప్పుడు చివరి మెట్టు మోసం చేస్తుంది. గుమ్మానికి భుజం తగులుతుంది. చూపు పోయిన వైపు నుంచి ఎవరైనా ఒక్కసారిగా పక్కకొస్తే ఉలిక్కిపడతారు. రెండు కళ్లతో దాదాపు 190 డిగ్రీల మేర కనబడేది ఒక్కదానితో 150 దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇది లోతుకి సంబంధించని ఇంకో నష్టం.

చాలామంది కొన్ని నెలల్లో, ఎక్కువలో ఎక్కువ ఏడాదిలో కుదురుకుంటారు. తల కదిపి చూడటం, నీడలు గమనించడం వాళ్లకే తెలియకుండా అలవడుతుంది. పుట్టుకతోనో పసితనంలోనో ఒక కన్ను పోయినవాళ్లకి పోల్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి వాళ్లు ఇబ్బందే లేదంటారు. ఉన్నట్టుండి పోయినవాళ్లకి మొదటి నెలలు కష్టం. వాళ్లని ఇంట్లోవాళ్లు "చూసి నడవొచ్చుగా" అనకుండా ఉంటే అదే పెద్ద సాయం.

వంటింట్లో, చేతిపనుల్లో ఏవైనా చిట్కాలు చెప్తారా?

మొదటి సూత్రం: కళ్లు చెప్పలేనిది చేతిని చెప్పనివ్వండి. టీ, పాలు పోసేటప్పుడు గిన్నె మూతిని కప్పు అంచుకి తాకించి ఆ తర్వాత వంచండి. కూరగాయలు తరిగేటప్పుడు ఎడమచేతి వేళ్లు మడిచి కత్తి పక్కభాగం వాటికి ఆనేలా పెట్టుకోండి. స్టవ్ అంటించేటప్పుడు లైటర్‌ని ముందు బర్నర్‌కి తాకించి, తర్వాత గ్యాస్ తిప్పండి. సూదికి దారం ఎక్కించే సన్నతీగ పావలా అర్ధా పెట్టినా దొరికేది ఒకప్పుడు, ఇప్పుడు కూడా పెద్ద ఖర్చేం కాదు, ఒకటి కొని పెట్టుకోండి. మెట్ల అంచులకి పసుపురంగు టేపు అంటించండి. వస్తువు అందుకునే ముందు తల కాస్త పక్కకి ఊపి చూస్తే దూరం తేలుతుంది. నలుగురిలో నడిచేటప్పుడు తోడున్నవాళ్లని చూపులేని వైపు ఉండమనండి.

ఉన్న ఒక్క కంటికి భారం ఎక్కువై అది కూడా పాడవుతుందా?

వాడినంత మాత్రాన కన్ను అరిగిపోదు. చదవండి, ఫోన్ చూడండి, పని చేసుకోండి. భయపడాల్సింది దెబ్బలకి. పవర్ లేకపోయినా సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోవాలని నేను అందరికీ చెబుతాను. వెల్డింగు, గ్రైండింగు, వరికోత, దీపావళి టపాకాయలు, షటిల్ ఆడేటప్పుడు తప్పనిసరి. ఏడాదికోసారి కంటి పరీక్ష, షుగరు ఉంటే రెటీనా పరీక్ష మానొద్దు.

బండి నడపొచ్చా? లైసెన్సు ఇస్తారా?

ఖాళీ రోడ్డు మీద దూరం అంచనా వేయడానికి ఒక కన్ను చాలు. చిక్కంతా పార్కింగులో, ఇరుకు సందుల్లో, చూపులేని వైపు నుంచి దూసుకొచ్చే బైకులతో. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి కుడికన్ను లేనివాళ్లకి ఓవర్‌టేక్ చేసే బళ్లు ఆలస్యంగా కనబడతాయి. అద్దాలు రెండూ ఉండాలి, మెడ తిప్పే అలవాటు కావాలి, ముందు బండికి మామూలుకంటే ఎక్కువ ఎడం ఇవ్వాలి. చూపు పోయిన మొదటి నెలల్లో నడపకండి.

లైసెన్సు సంగతి: 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఫారం 1 ఉంది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా అని అందులో అడుగుతారు. ఐదేళ్లకి తక్కువ కాకుండా లైసెన్సు ఉండి ఆ తర్వాత ఒక కన్ను పోయినవాళ్ల ప్రస్తావన కూడా అందులోనే ఉంది, అది కిరాయికి తిప్పని తేలికపాటి వాహనాల వరకే. నియమాలు మారుతుంటాయి కాబట్టి మీ ఆర్టీవో ఆఫీసులో తాజాగా కనుక్కోండి. బీమా కోసమైనా విషయం దాచకండి.

ఒక కన్ను పూర్తిగా పోయింది. సదరం సర్టిఫికెట్, పింఛను వస్తాయా?

రెండో కన్ను బాగుంటే కష్టం. 2018లో కేంద్రం ఇచ్చిన లెక్కల ప్రకారం, ఒక కన్ను అసలు కనబడకపోయినా రెండోది కళ్లద్దాలతో 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే వైకల్యం 30 శాతమే. పథకాలకి సాధారణంగా 40 శాతం అడుగుతారు. ఈ మాట చెప్పగానే చాలామంది మొహం మాడిపోతుంది. వడ్రంగానికో, టైలరింగుకో ఆ పది శాతం తేడా ఏమిటో లెక్కల్లో పట్టదని నాకూ అనిపిస్తుంది. మిగిలిన కంటి చూపు కూడా తగ్గితే మళ్లీ పరీక్షకి వెళ్లండి, శాతం మారుతుంది.

క్రికెట్ ఆడగలనా?

మన్సూర్ అలీఖాన్ పటౌడీ ఆడాడు. 1961 జులైలో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఆయన కుడికంటి చూపు దాదాపుగా పోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు, ఒక్క టెస్టు కూడా ఆడలేదు. సిగరెట్ వెలిగించబోతే అగ్గిపుల్ల పక్కకి పోయేదని, జగ్గులో నీళ్లు గ్లాసులో కాక బల్ల మీద పడేవని ఆయనే చెప్పుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీలో తొలి టెస్టు ఆడాడు, 1962 మార్చిలో 21 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడు. మొత్తం 46 టెస్టుల్లో 2,793 పరుగులు, ఆరు సెంచరీలు, అత్యధికం 203 నాటౌట్. అన్నీ ప్రమాదం తర్వాతివే. పాడైన కంటి వల్ల బంతి రెండుగా కనబడితే టోపీ ఆ కంటి మీదికి లాక్కుని ఆడేవాడు. తర్వాత రంజీల్లో మన హైదరాబాద్ జట్టుకి ఆడాడు.

అందరూ పటౌడీలు కాలేరు. మొదట టెన్నిస్ బాల్‌తో, కళ్లకి రక్షణ పెట్టుకుని మొదలుపెట్టండి. క్యాచ్‌లు ఆలస్యంగా కుదురుతాయి.

## ఆపరేషన్లు, కళ్లద్దాలు, త్రీడీ

నాన్నగారికి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, బాగా కనబడుతోంది. రెండోది ఇప్పుడే చేయించాలా?

ఒక కంటితో టీవీ బాగా కనబడుతోంది కదా అని ఏళ్ల తరబడి ఆపేవాళ్లున్నారు. రెండు కళ్ల చూపు సమానంగా ఉంటేనే లోతు సరిగ్గా కుదురుతుంది. రెండోది కూడా తీయిస్తే స్టీరియో చూపు మెరుగవుతుంది, మెట్లు దిగేటప్పుడు, గడప దాటేటప్పుడు ఆ తేడా వాళ్లకే తెలుస్తుంది. ఆపరేషన్‌కి ముందు మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవాళ్లయితే అసలు ఆగలేరు. ఒక కన్ను సున్నాకి వచ్చి రెండోది మైనస్ 6లో ఉంటే కళ్లద్దాల్లో రెండు బొమ్మలూ వేర్వేరు సైజుల్లో కనబడి తల తిరుగుతుంది.

బైఫోకల్ అద్దాలు పెట్టుకున్నాక మెట్ల మీద తడబడుతున్నాను. కళ్లు పాడయ్యాయా?

కళ్లు బాగానే ఉన్నాయి. కిందికి చూసినప్పుడు మీ చూపు దగ్గరి పవర్ భాగంలోంచి పోతోంది. అడుగు దూరానికి పనికొచ్చే పవర్‌లోంచి నాలుగైదు అడుగుల కిందున్న మెట్టు మసకగా, స్థానం తప్పి కనబడుతుంది. గడ్డం వంచి పైభాగంలోంచి చూస్తూ దిగండి. బయట నడకకి దూరం పవర్ మాత్రమే ఉన్న జత ఒకటి విడిగా పెట్టుకోవడం పెద్దవాళ్లకి ఇంకా మంచిది.

ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి చేస్తామంటున్నారు. లోతు తగ్గదా?

మోనోవిజన్ అంటారు దాన్ని. సన్నటి లోతు కొంత తగ్గుతుంది. ఫోనూ టీవీ చూసుకునేవాళ్లకి హాయిగానే ఉంటుంది. టైలర్లు, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు, దంతవైద్యులు, రాత్రిళ్లు బండి నడిపేవాళ్లు తొందరపడొద్దు. ముందు కాంటాక్ట్ లెన్సులతో కొన్నాళ్లు అలా బతికి చూసి అప్పుడు ఒప్పుకోండి.

పెద్దవయసులో ఉన్నట్టుండి వస్తువులు రెండుగా కనబడుతున్నాయి. కళ్లద్దాలు మార్చాలా?

కళ్లద్దాల షాపుకి వెళ్లకండి, ఆసుపత్రికి వెళ్లండి. ఒక కన్ను మూస్తే రెండుగా కనబడటం పోతుందంటే కంటి కండరాలకి వెళ్లే నరంలో సమస్య ఉండొచ్చు. షుగరు, బీపీ, పక్షవాతం, ఏదైనా కావచ్చు. తలనొప్పో, కనురెప్ప వాలడమో తోడైతే అదే గంటలో వెళ్లాలి.

అందరూ అరుస్తున్నారు, నాకు త్రీడీ సినిమాలో ఏమీ ముందుకి రాలేదు. అద్దాలు పాడా?

అద్దాలు మార్చి చూడండి, అయినా అంతే అయితే మీకు స్టీరియో చూపు లేకపోవచ్చు. త్రీడీ తెర ఎడమ, కుడి కళ్లకి వేర్వేరు బొమ్మలు పంపుతుంది. వాటిని కలపలేని మెదడుకి అది కాస్త చీకటిగా ఉన్న మామూలు సినిమా. తమకి స్టీరియో లేదని ఇరవై ముప్పై ఏళ్లకి థియేటర్లోనే తెలుసుకున్నవాళ్లని చూశాను. ఇక స్టీరియో ఉండీ తలనొప్పి వస్తోందంటే, కళ్లు తెర మీద ఫోకస్ పెట్టి, చూపుని మాత్రం తెర ముందు గాల్లో కలపాల్సి రావడమే కారణం. ఆ రెండు పనులూ మామూలుగా ఒకే దూరంలో జరగాలి.

ఒక కన్ను మూసుకుని ఫోటో చూస్తే ఎక్కువ లోతు కనిపించింది. నా భ్రమేనా?

భ్రమ కాదు. ఫోటో చదునుగా ఉన్న కాగితమని మెదడుకి గట్టిగా చెప్పేవి రెండు కళ్లే. ఒకటి మూసేస్తే ఆ సాక్ష్యం పోతుంది, ఫోటోలోని నీడలు, రోడ్డు అంచులు, మసక కొండలు గెలుస్తాయి. పిడికిలిని గొట్టంలా చుట్టి, ఫోటో అంచులు కనబడకుండా అందులోంచి ఒక కంటితో చూడండి. పాత పెళ్లి ఫోటో ఏదైనా తీసుకోండి, పందిరి గుంజలు విడివిడిగా నిలబడతాయి, వెనక వరసలో ఎవరు ఎవరి భుజం మీద చెయ్యి వేశారో కూడా తెలుస్తుంది.